ఎపిక్స్‌లో మొదటి పీవీ నుంచి నమ్మదగిన స్క్రీన్ దాకా: ల్యాప్‌టాప్ మీదే నేర్చుకునే పద్ధతి

కంట్రోల్ రూమ్ తెర మీద కూలింగ్ నీటి ఉష్ణోగ్రత 24.3 అని ఉంది. అరగంట తర్వాత చూసినా 24.3. గంట తర్వాతా అంతే. నైట్ షిఫ్ట్‌లో ఉన్న మేమిద్దరం ఈ రోజు నీళ్లు ఎంత నిలకడగా ఉన్నాయో అనుకున్నాం. అసలు సంగతేమిటంటే, సెన్సర్‌ని చదివే స్క్రిప్ట్ ఎప్పుడో ఆగిపోయింది. అది చివరిసారి రాసిన అంకె మాత్రం తెర మీద అలాగే ఉండిపోయింది. నీళ్లు వేడెక్కుతున్నాయని మాకు చెప్పింది తెర కాదు, పంపుల గదిలో పైపు మీద చెయ్యి పెట్టి చూసిన టెక్నీషియన్. ఆ రాత్రి నష్టమేమీ జరగలేదు. కానీ ఆ తర్వాత ఎవరికి ఎపిక్స్ నేర్పినా, పాతబడిన విలువను ఎలా పట్టుకోవాలో చెప్పకుండా పాఠం ముగించలేదు. మీకు కూడా అదే వరసలో చెబుతాను.

ఎపిక్స్ పేరు విననివాళ్ల కోసం నాలుగు మాటలు. యాక్సిలరేటర్లు, పెద్ద టెలిస్కోపులు, ఫ్యూజన్ యంత్రాల లాంటి చోట్ల వేల పరికరాలను నెట్‌వర్క్ మీదుగా చదవడానికి, నడపడానికి వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో 1980ల చివర్లో మొదలైంది. ఆర్గాన్ ప్రయోగశాల చేతులు కలిపాక పెరిగింది. 2004 నుంచి ఎవరైనా వాడుకునే ఓపెన్ లైసెన్స్‌తో వస్తోంది. గురుత్వాకర్షణ తరంగాలను పట్టుకున్న లైగోలో, ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్‌లో, ఓక్‌రిడ్జ్‌లోని న్యూట్రాన్ సోర్స్‌లో దీన్నే వాడతారు. ఇదే పనికి టాంగో అని ఇంకొకటి ఉంది. అది గ్రెనోబుల్‌లోని ఈఎస్‌ఆర్‌ఎఫ్‌లో పుట్టింది, ఎస్‌కేఏ రేడియో టెలిస్కోప్ దాన్ని ఎంచుకుంది. రెండిట్లో ఏది నేర్చుకోవాలని మథనపడకండి. మీరు చేరబోయే చోట ఏది నడుస్తుంటే అదే నేర్చుకోండి. ఒకదానిలో చెయ్యి తిరిగితే రెండోది కష్టం కాదు.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. మనిషి ప్రాణానికి సంబంధించిన ఇంటర్‌లాక్ ఏదీ ఎపిక్స్ మీద ఆధారపడకూడదు. రేడియేషన్ ఉన్న గది తలుపు తెరిస్తే బీమ్ ఆగిపోవడం లాంటి పనులకు విడిగా సేఫ్టీ పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంట్రోలర్), విడిగా వైరింగ్ ఉండాలి. ఎపిక్స్ దాని స్థితిని చదివి చూపించవచ్చు, అంతవరకే.

ల్యాప్‌టాప్ మీద పెట్టుకోవడం

లినక్స్ ఉంటే సులువు. సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్లు, మేక్, పెర్ల్ ఉన్నాయో లేదో చూసుకోండి. గిట్‌హబ్ నుంచి ఎపిక్స్ బేస్ వెర్షన్ 7ని రికర్సివ్ ఆప్షన్‌తో క్లోన్ చేయండి. ఆ ఆప్షన్ మరిచిపోతే సబ్‌మాడ్యూల్స్ రావు, బిల్డ్ మధ్యలో ఆగిపోతుంది. తర్వాత ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి మేక్ అని కొడితే చాలు. రీడ్‌లైన్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ కూడా ముందే పెట్టుకోండి. లేకపోతే ఐఓసీ షెల్‌లో పై బాణం నొక్కితే పాత కమాండ్ రాదు, రోజంతా టైప్ చేస్తూ విసిగిపోతారు. ఇదంతా వద్దనుకుంటే కొండా-ఫోర్జ్‌లో ఎపిక్స్-బేస్ అనే ప్యాకేజీ సిద్ధంగా ఉంది.

అన్నీ సరిగ్గా పడితే మీకు కొన్ని కమాండ్లు దొరుకుతాయి. సాఫ్ట్‌ఐఓసీ, సీఏగెట్, సీఏపుట్, సీఏమానిటర్ ఉంటే ఇవాళ్టికి పని జరిగిపోతుంది. ఐఓసీ అంటే పరికరాలతో మాట్లాడుతూ విలువలను నెట్‌వర్క్‌లో అందించే ప్రోగ్రామ్. పీవీ అంటే పేరు పెట్టిన ఒక విలువ. ఎక్కడా సెంట్రల్ సర్వర్ ఉండదు. ప్రతి ఐఓసీ దగ్గర తన రికార్డులు (ఒక్కో పీవీ ఎలా నడవాలో చెప్పే నిర్వచనాలు) తనకుంటాయి, పీవీ పేరుతో ఎవరు పిలిస్తే వాళ్లకు జవాబిస్తుంది. అందుకే ఒక ఐఓసీ పడిపోయినా మిగతావి తమ పని తాము చేసుకుంటూ పోతాయి.

వైఫై, వీపీఎన్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒక్కోసారి సీఏగెట్‌కి జవాబు రాదు. చానల్ యాక్సెస్ (సీఏ) అనే ఎపిక్స్ నెట్‌వర్క్ ప్రోటోకాల్ పీవీ పేరును నెట్‌వర్క్‌లో బ్రాడ్‌కాస్ట్ చేసి వెతుకుతుంది, ఆ కేక ఫైర్‌వాల్ దగ్గరే ఆగిపోతుంటుంది. నేర్చుకునే రోజుల్లో ఎపిక్స్ సీఏ అడ్రస్ లిస్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి లోకల్‌హోస్ట్ ఇచ్చి, ఆటో అడ్రస్ లిస్ట్‌కి నో పెట్టండి. గొడవ వదిలిపోతుంది.

పేరు ముందు, వైరు తర్వాత

చాలామంది ఈ పనిని చివరికి వదిలేస్తారు. నేనైతే మొదటి రోజే కూర్చుంటాను. పరికరం మారుతుంది, ఐఓసీ మారుతుంది, పనిచేసే మనుషులూ మారతారు. పీవీ పేరు మాత్రం స్క్రీన్లలో, స్క్రిప్టుల్లో, ఆర్కైవ్‌లో ఏళ్ల తరబడి పాతుకుపోతుంది. తర్వాత మార్చాలంటే ఎక్కడెక్కడ వాడారో వెతకడానికే వారాలు పడుతుంది.

ఏ ప్రాంతం, ఏ వ్యవస్థ, ఏ పరికరం, ఎన్నో నంబర్, ఏ సిగ్నల్ అనే వరస ఒకటి పెట్టుకోండి. మూడో సెక్టర్ కూలింగ్ వ్యవస్థలో ఒకటో థర్మామీటర్ అయితే 'ఎస్03-కూల్-టీటీ01:టెంప్' లాగా. ఫైల్‌లో ఇదంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. పెద్ద, చిన్న అక్షరాలకు తేడా ఉంటుంది. రికార్డ్ పేరు 60 అక్షరాలు దాటకూడదు. పీఎల్‌సీ పోర్ట్ నంబర్‌నో, పెట్టెకు వాళ్లూ వీళ్లూ పెట్టుకున్న ముద్దుపేరునో అందులో ఇరికించకండి. పోర్ట్ మారిన రోజు ఆ పేరు అబద్ధమైపోతుంది.

ఒకే పేరు రెండు ఐఓసీల్లో ఉంటే ఏమవుతుంది? ముందు జవాబిచ్చినదాన్ని క్లయింట్ పట్టుకుంటుంది. పక్క కంప్యూటర్‌లో ఇంకొకటి జవాబివ్వొచ్చు. ఒకే పేరు, రెండు తెరల మీద రెండు విలువలు! రెండు సర్వర్లలో ఒకే పేరు ఉందని సీఏ ఒక హెచ్చరిక చూపిస్తుంది. అది కనపడితే పట్టించుకోకుండా వదిలేయకండి.

మొదటి రికార్డ్

ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ తెరవండి. అసలు సెన్సర్ లేదు కాబట్టి ముందు ఉత్తుత్తి నీళ్లు తయారుచేద్దాం. కాల్క్ రకం రికార్డ్ ఒకటి రాసి, అందులో సూత్రంగా 24+ఆర్‌ఎన్‌డీఎమ్*2 అని ఇవ్వండి. ఆర్‌ఎన్‌డీఎమ్ అంటే సున్నాకి, ఒకటికి మధ్య ఏదో ఒక అంకె. తర్వాత ఏఐ (అనలాగ్ ఇన్‌పుట్, అంటే కొలిచిన అంకెను చదివే) రకం రికార్డ్ రాయండి. దాని ఇన్‌పుట్ లింక్‌గా ఆ కాల్క్ పేరు పెట్టి, పక్కన పీపీ, ఎంఎస్ అనే రెండు గుర్తులు చేర్చండి. పీపీ అంటే చదివే ముందు అవతలి రికార్డును కూడా నడిపించు అని. ఎంఎస్ అంటే అవతల అలారం ఉంటే నాకూ అంటించు అని. ఎంఎస్‌ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దానితో పెద్ద పని ఉంది.

రికార్డ్‌లోని ఒక్కో అమరికను ఫీల్డ్ అంటారు. ఏఐలో స్కాన్ ఫీల్డ్‌కి (ఎంతకోసారి నడవాలి) '1 సెకండ్', ఈజీయూకి (కొలమానం) సెల్సియస్, ప్రెక్‌కి (దశాంశ స్థానాలు) 1 ఇవ్వండి. డిస్క్రిప్షన్ ఖాళీగా వదలకండి. రాత్రి రెండింటికి తెర ముందు కూర్చున్న కొత్త ఆపరేటర్‌కి ఆ ఒక్క వాక్యమే దిక్కవుతుంది.

సాఫ్ట్‌ఐఓసీకి డాష్-డీ ఆప్షన్‌తో ఈ ఫైల్ ఇచ్చి నడపండి. షెల్‌లో డీబీఎల్ అని కొడితే రికార్డుల పేర్లు కనపడాలి. ఇంకో టెర్మినల్‌లో సీఏమానిటర్ పెడితే సెకనుకో విలువ దొర్లుతుంది. నీళ్లూ లేవు, పైపూ లేదు కానీ పెద్ద కేంద్రాల్లో లక్షల పీవీలు నడిచే పద్ధతి ఇదే.

అలారం నిజంగా మోగుతుందా?

హై ఫీల్డ్‌కి 30, హైహై ఫీల్డ్‌కి 35 ఇచ్చి అలారం పెట్టేశామనుకుంటారు కొత్తవాళ్లు. ఏమీ మోగదు! హద్దుతో పాటు తీవ్రత కూడా చెప్పాలి. హెచ్‌ఎస్‌వీకి మైనర్, హెచ్‌హెచ్‌ఎస్‌వీకి మేజర్ ఇవ్వాలి. ఇవ్వకపోతే డిఫాల్ట్‌గా అలారం లేదు అనే ఉంటుంది. నీళ్లు మరిగిపోతున్నా తెర పచ్చగానే కనిపిస్తుంది. అలారం హద్దులన్నీ నీట్‌గా నింపి, తీవ్రత మాత్రం ఖాళీగా వదిలేసిన ఫైళ్లు చాలా చూశాను.

ఉష్ణోగ్రత 29.9కి, 30.1కి మధ్య ఊగుతుంటే అలారం వస్తూ పోతూ ఉంటుంది. పది నిమిషాల్లో ఆపరేటర్ దాన్ని పట్టించుకోవడం మానేస్తాడు, అందులో అతని తప్పేం లేదు. హిస్ట్ ఫీల్డ్‌కి 0.5 ఇవ్వండి. ఒకసారి మోగిన అలారం విలువ 29.5 కిందికి దిగేదాకా పోదు.

ఇప్పుడు పరీక్షించండి. కాల్క్ రికార్డ్‌లోని సూత్రాన్ని సీఏపుట్‌తో నడుస్తుండగానే మార్చొచ్చు. అక్కడ 36 అని రాయండి. సీఏమానిటర్ లైన్ చివర హైహై, మేజర్ అని పడాలి. కళ్లతో చూడని అలారం లేనట్టే లెక్క.

ఆగిపోయిన విలువను పట్టుకోవడం

ఇక మొదట చెప్పిన 24.3 దగ్గరికి వద్దాం. పరికరం డ్రైవర్ ఐఓసీ లోపలే ఉంటే చాలావరకు ఇబ్బంది ఉండదు. పరికరం జవాబివ్వకపోతే రికార్డ్ ఇన్‌వ్యాలిడ్ (ఈ విలువను నమ్మొద్దు అనే అలారం స్థితి) అవుతుంది. ఐఓసీయే చచ్చిపోతే టీసీపీ కనెక్షన్ తెగి క్లయింట్‌కి తెలిసిపోతుంది. కరెంటు పోయి చప్పుడు లేకుండా పోయినా, డిఫాల్ట్‌గా 30 సెకన్లు చూసి డిస్‌కనెక్ట్ అని చెబుతుంది. చిక్కంతా బయట నుంచి వచ్చే విలువలతోనే. ఒక పైథాన్ స్క్రిప్ట్ సెన్సర్‌ని చదివి సీఏపుట్‌తో పీవీలో రాస్తోందనుకోండి. స్క్రిప్ట్ ఆగిపోతే ఐఓసీకి ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. ఎవరో ఎప్పుడో ఇచ్చిన అంకెను అది జాగ్రత్తగా దాచి, అడిగిన వాళ్లందరికీ చూపిస్తూనే ఉంటుంది. అలారం లేదు, ఇన్‌వ్యాలిడ్ లేదు. సీఏగెట్‌కి డాష్-ఏ ఆప్షన్ పెడితే టైమ్‌స్టాంప్ కనపడుతుంది, అందులో పాత సమయం ఉంటుంది. కానీ షిఫ్ట్‌లో ఉన్న మనిషి ప్రతి అంకెకూ టైమ్‌స్టాంప్ చూస్తూ కూర్చోలేడు.

అందుకని స్క్రిప్ట్‌కి ఒక గుండెచప్పుడు పెడదాం. ఉష్ణోగ్రతకు ఒక ఏఐ రికార్డ్, చప్పుడుకు ఒక లాంగిన్ (పూర్ణాంకం) రికార్డ్ పెట్టండి. రెండిటికీ స్కాన్ ప్యాసివ్ (ఎవరైనా రాసినప్పుడే నడుస్తుంది), ఇన్‌పుట్ ఖాళీ. స్క్రిప్ట్ సెకనుకోసారి ఉష్ణోగ్రత రాసి, వెంటనే చప్పుడు అంకెను ఒకటి పెంచాలి.

తర్వాత కాపలాదారు. ఇది కాల్క్ రికార్డ్, స్కాన్ '10 సెకండ్'. 'ఏ' అనే ఇన్‌పుట్‌కి చప్పుడు పీవీ ఇవ్వండి, 'బీ' అనే ఇన్‌పుట్ ఖాళీగా ఉంచండి. సూత్రం 'ఏ=బీ;బీ:=ఏ'. ఇది ముందు ఏ, బీ సమానమా అని చూస్తుంది, తర్వాత ఈసారి వచ్చిన ఏని బీలో దాచుకుంటుంది. పది సెకన్ల క్రితం ఉన్న అంకే ఇప్పుడూ ఉంటే ఫలితం 1, అంటే గుండె ఆగింది. హైహై 1, హెచ్‌హెచ్‌ఎస్‌వీకి ఇన్‌వ్యాలిడ్ ఇవ్వండి. ఐఓసీ మొదలైన కొత్తలో స్క్రిప్ట్ ఇంకా లేవదు కాబట్టి ఇది ఇన్‌వ్యాలిడ్‌లోనే మొదలవుతుంది. అలాగే ఉండాలి కూడా. ఇంకా ఎవరూ చదవని విలువను నమ్మమని చెప్పకూడదు కదా.

చివరిగా ఆపరేటర్ చూసే పీవీ. ఇంకో కాల్క్, స్కాన్ '1 సెకండ్'. 'ఏ' ఇన్‌పుట్ ఉష్ణోగ్రత, 'బీ' ఇన్‌పుట్ కాపలాదారు, రెండిటికీ ఎంఎస్ పెట్టండి. సూత్రం ఉత్త 'ఏ'. సూత్రంలో బీ లేకపోయినా ఇన్‌పుట్‌గా చదువుతుంది కాబట్టి దాని అలారం ఇక్కడికి అంటుకుంటుంది. స్క్రిప్ట్ ఆగితే అంకె అలాగే ఉన్నా దాని చుట్టూ ఇన్‌వ్యాలిడ్ రంగు వచ్చేస్తుంది. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఈ కాల్క్ సెకనుకోసారి నడుస్తుంది కాబట్టి దాని టైమ్‌స్టాంప్ ఎప్పుడూ తాజాగానే కనపడుతుంది, పాత విలువకు కొత్త తేదీ పడుతుంది. టీసెల్ ఫీల్డ్‌లో ఉష్ణోగ్రత పీవీ పేరుకు డాట్ టైమ్ చేర్చి ఇస్తే అసలు కొలిచిన సమయమే వస్తుంది.

స్క్రిప్ట్ రాసేటప్పుడు ఒకచోట చాలా జాగ్రత్తగా ఉండాలి. సెన్సర్ చదవడంలో ఎర్రర్ వస్తే ట్రై-ఎక్సెప్ట్‌తో మింగేసి లూప్ తిప్పేవాళ్లున్నారు. అప్పుడు చప్పుడు పెరుగుతూనే ఉంటుంది, విలువ మాత్రం పాతదే. మనం పెట్టిన కాపలా అంతా దండగ! సెన్సర్ నుంచి సరైన జవాబు వచ్చాకే చప్పుడు పెంచండి. చప్పుడు చెప్పాల్సింది స్క్రిప్ట్ బతికి ఉందని కాదు, కొలత జరిగిందని.

పరీక్ష ఇలా చేయండి. స్క్రిప్ట్ నడుస్తున్న టెర్మినల్‌లో కంట్రోల్-జెడ్ నొక్కండి. ప్రోగ్రామ్ చావదు, నిద్రపోతుంది. కనెక్షన్ తెగదు. ఆ రాత్రి మాకు జరిగింది ఇలాంటిదే. దాదాపు 20 సెకన్లలో ఆపరేటర్ పీవీ ఇన్‌వ్యాలిడ్ అవ్వాలి. ఎఫ్‌జీ అని కొట్టి లేపితే కాసేపట్లో మామూలు స్థితికి రావాలి. రెండూ జరిగితేనే ముందుకు వెళ్లండి.

అసలు పరికరాన్ని తగిలించడం

సీరియల్ పోర్ట్ మీదో, ఈథర్‌నెట్ మీదో అక్షరాలతో మాట్లాడే పరికరమైతే స్ట్రీమ్‌డివైస్ మాడ్యూల్ చాలు, సీలో డ్రైవర్ రాయక్కర్లేదు. కింద ఆసిన్ మాడ్యూల్ పోర్టును చూసుకుంటుంది. ప్రోటోకాల్ ఫైల్‌లో ఏం పంపాలో, ఏ రూపంలో జవాబు వస్తుందో రెండు లైన్లలో రాస్తే సరిపోతుంది.

మొదటి రోజు టెన్షన్ పెట్టేది దాదాపు ఎప్పుడూ టెర్మినేటరే. పరికరం లైన్ చివర సీఆర్ ఒక్కటే పంపుతోందా, సీఆర్ ఎల్ఎఫ్ రెండూ పంపుతోందా అన్నది మాన్యువల్‌లో ఒకలా, పెట్టెలో ఇంకోలా ఉంటుంది. తప్పు ఇస్తే జవాబు వచ్చినా రానట్టే, టైమవుట్ అవుతుంది. ఆసిన్ ట్రేస్ ఆన్ చేసి వచ్చిన బైట్లు కళ్లారా చూడండి. ఊహించుకుంటూ కూర్చుంటే సాయంత్రం అయిపోతుంది.

రెండోది వేగం. 9600 బాడ్ మీద సెకనుకు దాదాపు 960 అక్షరాలు పోతాయి. ఒక్కో ప్రశ్న, జవాబు కలిపి 30 అక్షరాలు అనుకుని, ఐదు విలువలను సెకనుకు పదిసార్లు అడిగితే 1500 అక్షరాలు. ఆ తీగలో అన్ని పట్టవు. నీళ్ల ఉష్ణోగ్రతను సెకనుకు పదిసార్లు చదివి చేసేది కూడా ఏమీ లేదు. స్కాన్ తగ్గించండి.

రాసే పీవీలు, రీస్టార్ట్

చదవడం తప్పితే ఒక అంకె తప్పుగా కనపడుతుంది. రాయడం తప్పితే పరికరం దెబ్బతింటుంది. సెట్‌పాయింట్‌కి ఒక పీవీ, పరికరం నిజంగా ఎక్కడుందో చెప్పే రీడ్‌బ్యాక్‌కి వేరే పీవీ పెట్టండి. రెండిటినీ ఒకటి చేస్తే, అడిగింది జరిగిందో లేదో ఎప్పటికీ తెలియదు. ఏఓ (అనలాగ్ అవుట్‌పుట్, అంటే పరికరానికి అంకెను రాసే) రికార్డ్‌లో డ్రైవ్ హద్దులు తప్పకుండా ఇవ్వండి. రెండూ సున్నాగా వదిలేస్తే హద్దే లేదని అర్థం.

ఐఓసీ రీస్టార్ట్ అయినప్పుడు సెట్‌పాయింట్ సున్నాతో లేచి, ఆ సున్నానే పవర్ సప్లైకి పంపితే? ఆటోసేవ్ మాడ్యూల్ పెట్టి పాత విలువలు తిరిగి వచ్చేలా చూడండి. స్ట్రీమ్‌డివైస్‌లో ఇనిట్ హ్యాండ్లర్ ఉంది, ఐఓసీ లేచేటప్పుడు పరికరంలో ఉన్న విలువనే రికార్డ్‌లోకి తెచ్చుకుంటుంది. పరికరం మధ్యలో ఆగకూడదంటే నా ఓటు దీనికే.

ఐఓసీని టెర్మినల్‌లో చేత్తో నడపడం ల్యాప్‌టాప్ వరకు బాగానే ఉంటుంది. అసలు చోట ప్రాక్‌సర్వ్ అనే ప్రోగ్రామ్ కింద పెట్టండి. పడిపోతే అదే లేపుతుంది, కావలసినప్పుడు టెల్‌నెట్‌తో షెల్‌లోకి వెళ్లొచ్చు.

నెట్‌వర్క్, తెర, చరిత్ర

చానల్ యాక్సెస్ 5064, 5065 పోర్టులు వాడుతుంది. ఎపిక్స్ 7తో వచ్చిన పీవీ యాక్సెస్‌కి 5075, 5076. ఫైర్‌వాల్ చూసేవాళ్లకు ఈ నాలుగూ ముందే చెప్పండి. ఏ ఏర్పాటూ చేయకపోతే ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా సీఏపుట్ కొట్టొచ్చు. యాక్సెస్ సెక్యూరిటీ ఫైల్ రాసి ఎవరు రాయగలరో పరిమితం చేయొచ్చు. కానీ చానల్ యాక్సెస్‌లో క్లయింట్ చెప్పిన యూజర్ పేరును ఐఓసీ అలాగే నమ్ముతుంది. పొరపాట్లను అది ఆపుతుంది, కావాలని వచ్చేవాణ్ని ఆపదు. కాబట్టి కంట్రోల్ నెట్‌వర్క్‌ని విడిగా ఉంచి, ఆఫీసు వైపు వాళ్లకు చదవడానికి మాత్రమే ఒప్పుకునే గేట్‌వే పెట్టడమే మంచిది.

తెరలకు ఫీబస్ వాడండి, మౌస్‌తోనే గీసుకోవచ్చు. అందంగా లేదని అలారం బార్డర్ తీసేయాలనిపిస్తుంది, తీసేయకండి. ఇంతసేపూ మనం కష్టపడింది ఆ బార్డర్ కోసమే. చరిత్ర దాచడానికి ఆర్కైవర్ అప్లయన్స్ ఉంది. కొత్త డేటాను వేగమైన డిస్క్‌లో, పాతదాన్ని పెద్ద డిస్క్‌లో అంచెలంచెలుగా పెడుతుంది. ఏడెల్ ఫీల్డ్‌లో ఎంత మార్పు వస్తే దాచాలో చెప్పండి. ఉష్ణోగ్రతకు 0.1 చాలు. అలా వదిలేస్తే సెన్సర్ నాయిస్ మొత్తం డిస్క్‌లోకి పోతుంది.

షిఫ్ట్ వాళ్లకు అప్పగించే రోజు

ఆపరేటర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ పాడుచేసి చూపించండి. సెన్సర్ కేబుల్ పీకండి. స్క్రిప్ట్‌ని కంట్రోల్-జెడ్‌తో నిద్రపుచ్చండి. ఐఓసీని ఆపండి. ఐఓసీ ఉన్న కంప్యూటర్ నెట్‌వర్క్ తీగ లాగండి. ఒక్కోసారి తెర ఎలా మారిందో, ఎన్ని సెకన్లు పట్టిందో ఆపరేటర్ చేతే లాగ్‌బుక్‌లో రాయించండి. ఈ నాలుగిట్లో ఏ ఒక్కసారైనా తెర మీద పాత అంకె మామూలు రంగులో అలాగే ఉండిపోతే, ఆ రోజుకి అప్పగింత ఆపేసి ఆ పీవీ లింకులన్నిటికీ ఎంఎస్ ఉందో లేదో వెతకడం మొదలుపెట్టండి.